నులక మంచం మీద బరువు దుప్పటి

సెలవులకు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, నా దగ్గరికి వచ్చిన మనవరాలికి గాజుపూసలు లోపల నింపి కుట్టిన బరువు దుప్పటి కప్పుకుంటేనే నిద్ర పడుతుంది. దాన్ని ఉతికి, గొంగడి ఆరేసినట్టే దండెం మీద వేశాను. పూసలన్నీ కిందికి జారి కుట్లు సాగాయి.

"అమ్మ రాసిచ్చిన చీటీ సదువలేదా అవ్వా? నీకు సదువొచ్చు గదనే!" అని పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను గానీ, పని మొదలుపెట్టే ముందు చదవాలన్న అలవాటు నాకింకా రాలేదు. తప్పు నాదే. అప్పుడు కూడబలుక్కుని చదివాను: "వేలాడదీయొద్దు. నీడలో పరిచి ఆరబెట్టాలి."

ఇద్దరం దాన్ని నులక మంచం మీద పరిచి, పూసలు సర్ది, మధ్యమధ్య తిరగేశాం. అడుగు నుంచి కూడా గాలి తగిలి సాయంత్రానికి ఆరింది. సాగిన కుట్లు బిగించి ఇచ్చాను. పిల్ల కప్పుకుని చూసింది.

"బరువు గట్లనే ఉందే అవ్వా," అంది.