కంకర టిప్పర్‌లో ఇంటర్వ్యూకి

ముందే చెప్తున్నా, మా ఆవిడ సుధకి ఉద్యోగం వచ్చింది. కొత్తగా కట్టిన ఆ హైటెక్ సిటీలో! స్వీట్లు తీసుకోండి. కంగ్రాట్స్ మాత్రం నాకు చెప్పకండి. మొన్న గురువారం నేను చేసిన ఘనకార్యానికి ఆ ఉద్యోగం రాకుండా పోవాల్సింది. ఎట్లా వచ్చిందో వినండి.

సుధ కంప్యూటర్ కోర్సు చేసి రెండేళ్లుగా తిరుగుతోంది కదా. రెండు చోట్ల చివరి రౌండు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. ఈసారి మధ్యాహ్నం రెండున్నరకి రమ్మని లెటరొచ్చింది. పొద్దున్నే కర్నూలులో బస్సెక్కేద్దాం అంది. నేను వింటేనా! "మన కారుండగా బస్సేంటి? చీరంతా నలిగిపోతుంది" అన్నాను. మన కారంటే, మా పెదనాన్న ఇరవై ఏళ్లు వాడి, ఇక చాల్లే అనుకుని నాకిచ్చిన కారు.

నిజం చెప్పాలి, దారంతా బంగారంలా వచ్చింది. షాద్‌నగర్, శంషాబాద్, మెహదీపట్నం... ఎక్కడా దగ్గలేదు, తుమ్మలేదు. మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. రాయదుర్గం దాటాక రోడ్డు పక్కన ఒక టీ బండి కనిపించింది. టైమ్ ఒకటిన్నర. ఇంకో నాలుగు కిలోమీటర్లే. "ఒక్క పది నిమిషాలు ఆపండి. మొహం కడుక్కుని తల దువ్వుకుంటా" అంది సుధ. ఆపాను. టీ తాగాం. వచ్చి తాళం తిప్పాను.

గుర్ర్... గుర్ర్... గుర్ర్... అంతే! తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను కదా, కంగారెందుకు? చొక్కా చేతులు పైకి మడిచి బానెట్ ఎత్తాను. "బ్యాటరీ" అన్నాను గంభీరంగా. వైర్లు బిగించాను. గుర్ర్... "పెట్రోల్ అందట్లేదు" అన్నాను. మూత తీసి, కారు ఊపి, చెవి పెట్టి విన్నాను. గలగలమంటోంది, బోలెడుంది. "అయితే ప్లగ్గులే!" అని తేల్చేశాను.

"ఏవండీ, మీకు ప్లగ్గులు విప్పడం వచ్చా?"

"అందులో ఏముంది?"

అందులో చాలా ఉందని తర్వాత తెలిసింది. నాలుగు వైర్లూ ఒక్కసారే పీకేశాను. ప్లగ్గులు విప్పి, ఉప్పు కాగితంతో తళతళలాడేలా రుద్ది, మళ్లీ బిగించాను. అప్పుడు చూస్తే చేతిలో నాలుగు వైర్లు, ఎదురుగా నాలుగు ప్లగ్గులు. ఏది దేనికో! నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఏదో ఒకటిలెమ్మని తగిలించి తాళం తిప్పాను.

ఢామ్మ్మ్!

సైలెన్సర్‌లోంచి బాంబు పేలినట్టే! టీ బండి ఆమె గిన్నె వదిలేసి "వామ్మో!" అని చెట్టు వెనక్కి పోయింది. సుధ వాచీ చూసుకుంది. రెండూ ఐదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాక, రోడ్డు మీదికి పరిగెత్తి అటూ ఇటూ చూశాను. ఆ రోడ్డు మీద ఆటో లేదు, బస్సు లేదు. ఎటు చూసినా బండరాళ్లే.

ఆ చప్పుడుకే ఒక టిప్పర్ ఆగింది. నిండా కంకర. డ్రైవర్ తల బయటికి పెట్టి, "ఏంది సార్, ఏం పేల్చినవ్?" అన్నాడు. పేరు యాదయ్య, పాలమూరు మనిషి. హైటెక్ సిటీ పక్కన కట్టే బిల్డింగులకి కంకర తోల్తాడట. సంగతి చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బండి సంగతి మళ్ల జూద్దాం. నువ్వు ఎక్కు చెల్లె, నేను దించుత. సార్, నువ్వు ఈడనే ఉండు. దేన్నీ ముట్టకు!"

సుధ ఫైలు చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని టిప్పర్ ఎక్కింది. దేన్ని కాపాడదామని కారులో తెచ్చానో ఆ చీరే!

తర్వాత జరిగింది సుధ చెప్పింది. ఆ అద్దాల బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి, "కంకర ఈడ కాదు, వెనకకెళ్లి దించాలె" అన్నాడట. యాదయ్య, "కంకర కాదు తమ్మీ, ఇంజనీర్ మేడమ్‌ను దించాలె. గేటు తియ్!" అన్నాడట. గేటు తెరుచుకుంది. రెండూ ఇరవై ఐదుకి సుధ లోపలుంది.

యాదయ్య కంకర దించేసి, చెప్పినట్టే నా దగ్గరికి తిరిగొచ్చాడు.

"మొదలు ఆగినప్పుడు సెల్ఫ్ తిరిగిందా?"

"తిరిగింది."

"అంటే బ్యాటరీ మంచిగున్నట్టే. మరి ప్లగ్గులెందుకు తీసినవ్?"

"అంటే... సాఫ్ చేద్దామని..."

"ఇప్పటిదాంక కర్నూలు నుంచి నడిచినయి కదా సార్ ఆ ప్లగ్గులు!"

యాదయ్య వైర్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ సరైన వరసలో తగిలించాడు. తాళం తిప్పాడు. కారు ఏమీ ఎరగనట్టు స్టార్టయింది!

"మరి మొదట ఎందుకు స్టార్ట్ కాలేదు?" అన్నాను.

"ఎండకు సార్. ఇంజన్ గరమైతే పెట్రోలు పైపులనే ఆవిరైతది, పంపు గుంజదు. పాత బండ్లకు మామూలే. పంపు మీద తడిబట్ట ఏసి, ఇంకో చాయ్ తాగినవనుకో, దానంతటదే స్టార్టయితుండె."

ద్రవాలు వేడికి ఆవిరవుతాయని నేను పదేళ్లుగా పిల్లలకి పాఠం చెప్తున్నానని ఆయనకి చెప్పలేదు. ధైర్యం చాల్లేదు.

ఐదింటికి సుధను తీసుకురావడానికి వెళ్తే, యాదయ్య ఇంకో ట్రిప్పు దించి అక్కడే ఉన్నాడు. "ఏమైందో తెలుసుకోనిదే ఎట్ల పోవాలె?" అన్నాడు. సుధ పరిగెత్తుకుంటూ బయటికొచ్చింది. "సోమవారం జాయినవమన్నారు అన్నా!" అని ముందు ఆయనకే చెప్పింది. నాకేం బాధ కలగలేదు, న్యాయమే అనిపించింది. ముక్కూ మొహం తెలియని మనిషి, పని ఆపుకుని, మా కోసం రెండుసార్లు వచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"యాదయ్యా, నీకేం కావాలో అడుగు. కాదనను" అన్నాను.

ఆయన కారు వైపు చూసి, "ఒక్క మాటియ్యి సార్. ఇంకోపారి యాడ ఆగినా సరే, బానెట్ జోలికి పోకు" అన్నాడు.

చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

సుధ ఫైల్లోంచి తెల్లకాగితం తీసింది. "నోటిమాట చాలదన్నా, రాయించుకో!"