అక్క మొదటిసారి చెప్పిన రోజు

నా చిన్నప్పుడు నేను అసూయపడిన మనిషి ఒక్కరే, మా పక్కింటి అక్క. కృష్ణానగర్‌లో మాది రెండు గదుల వాటా, గోడ అవతలి ఒంటిగది ఆమెది. ఇరవై మూడేళ్ల ఆ అక్క సినిమా పాటల్లో గ్రూపు డాన్సర్. నాకు పదేళ్లు. నలుగురిలో నోరు విప్పలేని పిల్లని. ఆమె నవ్వుతూ మెట్లు దిగితే వీధంతా తిరిగి చూసేది. అదొక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. మా అమ్మ నా జడ గబగబా లాగేసి, ఆమె జుట్టుకి మాత్రం తీరిగ్గా నూనె రాసేది. ఇడ్లీల మొదటి వాయి ఆమెకే వెళ్లేది.

ఆ వేసవిలో ఒక పెద్ద నిర్మాత ఆమెను ముందు వరసలోకి తీసుకున్నాడు. రిహార్సల్ అంటే చాలు, జూబ్లీ హిల్స్ నుంచి ఏసీ కారు వచ్చేది. మా నాన్న నడిపేదీ ఆయన కంపెనీ వ్యానే, కానీ నన్ను అందులో ఎప్పుడూ ఎక్కించుకోలేదు. కారు తలుపు మూసిన చప్పుడు వినబడిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం అక్క ఆటోలో తిరిగొచ్చింది. తిన్నగా మా ఇంట్లోకి వచ్చి అమ్మ ఒళ్లో తల పెట్టింది. అమ్మ నన్ను బయటికి పంపి తలుపేసింది. మా ఇంటి తలుపు, నా మొహం మీదే. ఉడుక్కుంటూ కిటికీ పక్కన నిలబడి విన్నాను. నిర్మాత ఆఫీసు గదికి గడియ పెట్టాడనీ, వద్దని ఏడ్చినా వినలేదనీ అక్క చెబుతోంది. నాకు సగమే అర్థమైంది. బయట అనకూడని మాట అని మాత్రం తెలిసింది. "రేపు పొద్దుగాల పోలీస్ స్టేషన్‌కు పోదాం. నీ ఎంబడి నేనుంట" అంది అమ్మ. నా వెంట బడిదాకా కూడా ఏనాడూ రాని అమ్మ.

సాయంత్రం నల్లా దగ్గర బిందెతో నిలబడితే ఒకావిడ, "ఏందే, మీ హీరోయిన్ ఇయ్యాల ఆటోల దిగింది? కారు పంచరైందా?" అంది. అందరూ నవ్వి, జవాబు కోసం నా వైపు చూశారు. అంతమంది నన్ను అలా చూడడం అదే మొదటిసారి. విన్నదంతా చెప్పేశాను.

ఆ వీధిలో సగం మందికి ఆ నిర్మాత దగ్గరే పని. చీకటి పడేలోపే ప్రశ్నలన్నీ అక్క గుమ్మం ముందు చేరాయి. "ఒక్కదానివే ఎందుకు పోయినవ్?" "కారెక్కేటప్పుడు తెల్వదా?" ఆయన గురించి మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కాసేపటికి ఆయన మేనేజర్ స్కూటర్ మీద వచ్చాడు. గొంతు పెంచలేదు. "ఏంటమ్మా, సార్ గురించి ఏదో అంటున్నావట?" అని అడిగి, జవాబు రాకముందే మా నాన్న వైపు తిరిగాడు. "మన వ్యాను నడిపేది నువ్వే కదయ్యా? ఈ పిల్ల మీ అమ్మాయేనా?"

అక్క నాన్నను చూసింది. అమ్మను చూసింది. "ఏమీ లేదండీ. చిన్నపిల్ల, ఏదో కథ అల్లింది" అంది.

మర్నాడు ఎవరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లలేదు. అక్క నన్ను తన గదిలోకి పిలిచింది. కొడుతుందనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుని, "అబద్ధం చెప్పింది నువ్వు కాదమ్మా, నేను. కానీ ఆ మాట నాది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నేను చూసుకోవాల్సింది" అంది. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆ నెలాఖరుకే గది ఖాళీ చేసి, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనమొకదానిలో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్లిపోయింది.

పోయినేడు ఆమె టీవీలో కనిపించింది. నిర్మాత పేరుతో సహా అంతా చెప్పింది. అప్పటికి నేనూ అలాంటి భవనంలోనే పనిచేస్తున్నాను. భోజనాల దగ్గర ఒకతను, "ఇన్నేళ్లూ ఏం చేసిందట? ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు. ఆ బల్ల దగ్గర నేను ఎన్నడూ మాట్లాడి ఎరుగను.

"జరిగిన రోజే చెప్పింది" అన్నాను. "ఆ రోజు ఆమె నోరు మూయించిన వాళ్లలో నేనూ ఉన్నాను."

ఆమె ఎందుకు ఆలస్యం చేసిందని ఎవరు అడిగినా అదే జవాబు చెబుతున్నాను. ఆ ఆలస్యంలో నా వంతు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. ఉందని మాత్రం తెలుసు.