మా నాయన అనని మాటలు

ఎదుటివాడితో వాదించి ఓడినవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఎదుటివాడు నోరు మెదపకుండా కూర్చుని ఉంటే, అతని తరపున కూడా తానే వాదించి, ఆ వాదన చేతిలో తానే చిత్తయిన ఘనుణ్ణి మీరు చూసి ఉండరు. నన్ను చూడండి. నా పుణ్యమా అని మా అక్క ఉద్యోగం చేరకముందే ఊడబోయింది. నా గతి ఏమయిందో చివర్లో చెబుతాను, ముందే చెబితే మీరు జాలిపడి నవ్వడం మానేస్తారు.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మాది నూజెండ్ల దగ్గర పల్లె. నేను గుంటూరులో ఇంటర్మీడియట్ చదువుతూ వేసవి సెలవులకు ఇంటికొచ్చాను. వక్తృత్వ పోటీలో అంతకుముందే ఒక పతకం కొట్టాను. దాన్ని జేబులో వేసుకునే పొలానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ దాన్ని చూసేది గొడ్లే అయినా సరే.

మా లెక్చరరు ఒక కిటుకు నేర్పాడు. ఎదుటివాడు చెప్పబోయే అభ్యంతరాలను వాడికంటే ముందే, వాడికంటే గట్టిగా మనమే చెప్పాలి. అది పూర్వపక్షం. తర్వాత వాటిని ఒక్కొక్కటే ఖండించాలి. ఇక వాడికి మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఇంత గొప్ప ఆయుధం చేతికొచ్చాక ఎవరి మీదో ఒకరి మీద వాడకపోతే నిద్రపడుతుందా?

మా అక్క ఎస్తేరు అప్పుడే టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. మాచర్లలో ఒక బడివాళ్ళు, సోమవారం బడి తెరుస్తున్నాం, వచ్చి చేరమన్నారు. తనకంటూ ఒక తరగతి, ఒక నల్లబల్ల ఉండాలని ఆమెకు ఎంత ఆశో ఇంట్లో అందరికీ తెలుసు. ట్రంకుపెట్టె సర్దేసింది. నాయన దగ్గర సెలవు తీసుకోవడమే మిగిలింది.

"పోయొస్తా నాయనా అంటే సరిపోద్దిలే," అంది అక్క.

"అట్టా అడిగితే చెడుద్ది. నాయన మనసులో చానా అభ్యంతరాలుంటయ్. నేను వాదిస్తా."

"ఆయన ఏమన్నాడని వాదిస్తావురా?"

"అనకముందే వాదించాలక్కా. అదే కిటుకు."

సాయంత్రం నాయన వాకిట్లో మంచం మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. నేను ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాను.

"మీరు అనవచ్చు, మాచర్ల అడవి పక్క ఊరని."

నాయన వెనక్కి తిరిగి చూశాడు. జన్మలో నేను ఆయన్ని మీరు అన్నది లేదు. ఇంకెవరో వచ్చారనుకున్నాడు.

"చిరుతలు ఊళ్ళోకి వస్తాయని మీరు అనవచ్చు."

"చిరుతలు వస్తయ్యా?" అన్నాడు నాయన, పగ్గం ఆపి.

"ఆగు నాయనా, ఇంకా ఉన్నయ్. అక్కడి నీళ్ళు పడవని, చలిజ్వరాలు ఎక్కువని మీరు అనవచ్చు. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా ఉంటే లోకం ఏమంటుందని అనవచ్చు. ఇవన్నీ తెలిసి తెలిసి ఏ తండ్రి గుండె ఒప్పుకుంటుంది?"

ఆ చివరిది జవాబు అక్కర్లేని ప్రశ్న. అడిగి ఒక క్షణం ఆగాలి, సభ నిశ్శబ్దం కావాలి. కానీ మా పల్నాట్లో ప్రశ్న అడిగితే జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు.

"ఒప్పుకోదు," అన్నాడు నాయన. పగ్గం చుట్టి లేచాడు. "నిజమేరా. నాకు ఇదంతా తట్టలా. ఎస్తేరూ, వద్దులేమ్మా."

"నాయనా, కూర్చో. ఖండన మిగిలుంది. ఇప్పటిదాకా చెప్పింది నా మాట కాదు, నీ మాట."

"నా మాటేందిరా? నేను నోరే తెరవలా గదా."

"నువ్వు అనబోయే మాట."

"నేను అనబోయింది, ఎద్దులకు నాడాలు కొట్టించాలని. సోమవారానికి బండి కట్టి అమ్మాయిని వినుకొండలో రైలెక్కించాలని."

మీరు నమ్మండి, ఆ వాకిట్లో భూమి చీలితే నేను సంతోషంగా దిగేవాణ్ణి. అయినా చివరి ప్రయత్నం చేశాను.

"చిరుతలు ఊళ్ళోకి రావు నాయనా."

"ఇందాక వస్తయ్యంటివి."

"అది వాదం కోసం."

"వాదం కోసం తోలుకొచ్చిన చిరుత, మళ్ళీ నువ్వు పొమ్మంటే పోద్దా?"

అక్క లోపలికి వెళ్ళి పెట్టెలోంచి చీరలు తీయడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "ఒరేయ్, నోరు మూసుకున్నోళ్ళకు పతకాలిచ్చే కాలేజీ ఏదన్నా ఉంటే అందులో చేరరా," అంది. దారిన పోయే కంపను నేను ఒంటికి తగిలించుకుంటే సరే, ఆమె చీరకు తగిలించానే అని నాకు నిజంగా బాధ వేసింది.

మర్నాడు పొద్దున్న నాయన ఎద్దులకు మేత వేస్తుంటే అక్క వెళ్ళి పక్కన నిలబడింది. 

"నాయనా, తమ్ముడు చెప్పినయ్యన్నీ నిజమే. అన్ని భయాలు తెలిసినోడు పక్కనుంటే నాకేం భయం? కాలేజీ తెరిచేదాకా వాణ్ణి తోడు పంపు."

నాయన ఆలోచించాడు. "ఆ, అది మాట," అన్నాడు. 

అంతే. పతకం నాది, గెలుపు ఆమెది.

మాచర్లలో నా దినచర్య వినండి. పొద్దున్నే బావి నుంచి నీళ్ళు మోయడం, పచ్చి కట్టెలతో జొన్నన్నం వండటం, ఆపైన చేతికర్రతో అరుగు మీద కాపలా పడుకోవడం. బడిపిల్లలు నన్ను టీచరమ్మ వంటమనిషి అనుకున్నారు. పతకం చూపిద్దామంటే చేతులు ఎప్పుడూ మసిగానే ఉండేవి. చిరుత రాలేదు. దోమలు వచ్చాయి. నేను ఏకరువు పెట్టిన ఆపదలన్నిటిలో చలిజ్వరం ఒక్కటే నిజమైంది. అదీ నాకే.

కబురందుకుని నాయన వచ్చాడు. అక్క బంగారంలా ఉంది, అప్పటికే ఆమె గొంతు వింటే తరగతి అంతా సర్దుకు కూర్చుంటోంది. నేను రెండు దుప్పట్ల కింద గజగజ వణుకుతున్నాను. నాయన నా మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, క్వినైను మాత్ర నా నోట్లో వేసి, తీరిగ్గా కాళ్ళు చాపుకున్నాడు.

"అబ్బాయ్, ఆరోజు ఏదో ఖండన మిగిలిందంటివి గదా. ఇప్పుడు చెప్పు, వింటా."

నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఖండన అంతే.

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. మొదటి సగం నాకు మాచర్లలో బోధపడింది, రెండో సగం వయసుతో పాటు దానంతటదే సిద్ధించింది. ఆ చేదుమాత్ర సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను, ఎవరు అనబోయే మాటలు వాళ్ళకే వదిలేస్తానని, ఊపిరి ఉన్నంతవరకు ఇంకొకరి తరపున నోరు తెరవనని.

ఇంతగా వాగేవాడు ఆ ఒట్టు ఏం నిలబెట్టుకుని ఉంటాడని మీరు అనవచ్చు.