మా మామకు రాని పేరు

మా మామ పేరు ఏసెన్‌గుల్. ఇరవై రెండేళ్లలో ఈ పేరు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. మా నారిన్ కొండల్లో కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. ఇప్పుడు కావాలనే రాస్తున్నాను. ఏసెన్‌గుల్, ఏసెన్‌గుల్, ఏసెన్‌గుల్.

గొర్రెలు కాచి బతికిన మనిషి. చదువు అంతంతమాత్రం. కానీ ఒక్కసారి చూసినవాడి పేరూ, తండ్రి పేరూ, ఆపైన ఏడు తరాల పేర్లూ మరిచిపోడని లోయంతా చెప్పుకునేది. ఎవరింట పెద్ద విందు జరిగినా గుమ్మం దగ్గర ఈయనే నిలబడాలి. వచ్చినవాడి గుర్రం కళ్లెం పట్టుకుని, పేరూ తండ్రి పేరూ బిగ్గరగా చెప్పి దింపాలి. ఆ పిలుపును బట్టే లోపల ఎవరికి ఏ మాంసం ముక్క వడ్డించాలో తేలుతుంది. దాంతో ఆయనకు కళ్లు నెత్తికెక్కాయి. నచ్చనివాణ్ని దింపేటప్పుడు, దొంగతనం చేసి దొరికిన తాత పేరు కూడా కలిపేవాడు. అందరూ నవ్వేవారు. దిగినవాడు తల వంచుకుని లోపలికి పోయేవాడు.

నేను మాత్రం "కోడలా". కోడలా, టీ. కోడలా, బూట్లు. మా ఆయనకు "ఇదిగో" చాలు. నన్ను పేరు పెట్టి పిలిచింది అత్తగారు ఒక్కతే. ఆమె పోయాక ఆ ఇంట్లో నా పేరు మళ్లీ వినబడలేదు.

పోయినేడు అత్తగారి ఏడాది విందు పెట్టాం. ఆడబిడ్డ మామగారు ఒమూర్జాక్ వస్తున్నాడన్నారు. తొమ్మిదేళ్ల కిందట మా మామ గుమ్మంలో ఆయన తాతను ఎత్తిపొడిచాడు. అప్పటినుంచి ఆయన మా ఆడబిడ్డను పుట్టింటి గడప తొక్కనివ్వలేదు. చనిపోయిన మనిషి మీద గౌరవంతో ఇప్పుడు తనే తీసుకొచ్చాడు.

"రా రా, వియ్యంకుడా!" అన్నాడు మామ, కళ్లెం అందుకుని.

ఒమూర్జాక్ దిగలేదు. "పొద్దుట్నుంచీ అడ్డమైనవాణ్నీ పేరు పెట్టి దింపావట. నాకు పేరు లేదా?"

మామకు ఆరు నెలలుగా అప్పుడప్పుడూ పేర్లు జారిపోతున్నాయనీ, అది దాచుకుంటున్నాడనీ నాకొక్కదానికే తెలుసు. అతిథికిచ్చే గుర్రపు పాల గిన్నె పట్టుకుని పక్కనే ఉన్నాను. నా చెవి దగ్గరికి వంగాడు.

"ఈయన పేరేంటే? చెప్పు, త్వరగా!"

ఒమూర్జాక్ మా వంశంవాడు కాదు, ఆ పేరు నేను పలకొచ్చు. నాలుక మీదే ఉంది.

"చెప్తాను. ముందు నా పేరు చెప్పండి, మామయ్యా."

"ఇదేం వేళాకోళమే? పరువు పోతోంది!"

"పోనివ్వండి. నా పేరేంటి?"

"నువ్వు కసిమాలీ కూతురివి. కసిమాలీ బోరోన్‌బాయ్ కొడుకు. బోరోన్‌బాయ్ తైలాక్ కొడుకు..." సంబంధం కుదుర్చుకున్ననాడు అడిగి తెలుసుకున్న ఏడుగురినీ ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. మా నాన్నా, తాతలూ, ముత్తాతలూ అందరూ వచ్చారు. నేను రాలేదు.

నేనూ నోరు విప్పలేదు.

ఒమూర్జాక్ గుర్రం వెనక్కి తిప్పాడు. "పదమ్మా, మనకిక్కడ పేరు లేదు," అన్నాడు తన కోడలితో. ఆడబిడ్డ తన తల్లి విందులో ఒక్క ముద్దయినా తినకుండా ఏడుస్తూ వెళ్లిపోయింది. ఆ పాపం నాదే. మామ మీద మాత్రం నాకు గోరంత జాలి లేదు.

మర్నాడు ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఎవరి ముందూ తీయని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నీ పేరేంటమ్మా? చెప్పు. ఇంక మరిచిపోను."

నేను పిండి పిసకడం ఆపలేదు.

"కోడలు," అన్నాను.