నీళ్లు కలిపిన సిరా

ఏళ్ల తరబడి ఒక కాగితాన్ని మోస్తున్నాను. ఆ కాగితం ఇప్పుడు ఎక్కడా లేదు. దాని మీది అక్షరాలు మాసిపోయింది నా వల్ల. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మధ్యలో సాకులు వెతుకుతాను, అది నా అలవాటు. నమ్మకండి.

తిరుపతిలో పాలిటెక్నిక్ చదివే రోజులు. విద్యార్థి సంఘం కార్యదర్శి పదవికి ఇద్దరం నిలబడ్డాం, నేనూ, నా బెంచీ మీద పక్కన కూర్చునేవాడూ. అతని పేరు మునిరత్నం అనుకుందాం, అసలు పేరు అది కాదు. మా కాలేజీలో ఊరేగింపులు, గోడల మీద రాతలు నిషేధం. ప్రతి అభ్యర్థీ తనకెందుకు ఓటెయ్యాలో ఒక పేజీ వ్యాసం రాసి నోటీసు బోర్డుల్లో పెట్టాలి, అంతే. డ్రాయింగు హాల్లో నా చేతిరాతకు పేరుండేది. అందుకే మునిరత్నం తన వ్యాసాన్ని కూడా నాకే తెచ్చి ఇచ్చాడు.

“నా రాత కోడి కెలికినట్టుంటాదప్పా. నువ్వు రాసిస్తే నాలుగు ఓట్లు జాస్తి పడతాయి.”

పోటీదారుడికి ఎవరైనా ఇస్తారా? అతను ఇచ్చాడు.

నా వ్యాసంలో ఏడు కోరికలు, వరస నంబర్లతో. క్యాంటీను, లైబ్రరీ వేళలు, క్రికెట్ సామాను, అలాంటివి. అతని దాంట్లో ఒక్కటే. వర్క్‌షాపు క్లాసు ముగిశాక బయల్దేరితే నగరిలో తమ ఊరి ఆఖరి బస్సు అందదు, మధ్యలో లేచిపోతే హాజరు పోతుంది, కాబట్టి ఆ క్లాసును పొద్దుటికి మార్చాలి. అలా బస్సుల మీద వచ్చేవాళ్లు మాలో సగం మంది. నాది చదివితే తల ఊపుతారు. అతనిది చదివితే ఓటు వేస్తారు. నకలు రాస్తూ రెండో పేరా దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

అప్పుడు సిరాలో నీళ్లు కలిపాను.

ట్రేసింగు కాగితం మీద సిరాతో రాసి, వెలుతురు పట్టించి, అమ్మోనియా ప్రింట్లు తీసేవాళ్లం. చిక్కటి సిరా వెలుతురును ఆపుతుంది, అక్షరం గట్టిగా పడుతుంది. పల్చటిది ఆపలేదు. అక్షరం లేతగా పడి, ఎండ సోకితే మాసిపోతుంది. ఇది మా పాఠం. నేను మంచి మార్కులు తెచ్చుకున్న పాఠం. చేతికి ఇచ్చినప్పుడు అతని ప్రింటు చదవడానికి వీలుగానే ఉంది. పోలింగు నాటికి ఎండలో ఉన్న బోర్డుల మీద నా ఏడు కోరికలు నల్లగా ఉన్నాయి. పక్కన అతని పేజీ ఖాళీగా ఉంది.

గెలిచాను. ఆ సాయంత్రం అతనే నా దగ్గరికి వచ్చాడు.

“నాది ఎవురూ సదవనేలేదంటబ్బా. పొయ్యి సూస్తే తెల్లకాగితం ఉండాది.”

అతనే మళ్లీ అన్నాడు.

“ఆడ ఎండ జాస్తి. బోర్డు యాడ పెట్టినారో సూడు మనోళ్లు, బుద్ధుండల్ల! నీ కష్టం గూడా దండగైపాయ.”

“అవునప్పా. ఎండే,” అన్నాను.

“సర్లే, గెలిచినోడివి. టీ నువ్వే పోయించల్ల.”

పోయించాను.

సిరా సంగతిని ఒక పూట దుర్బుద్ధి అని సరిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత? ఏడాదంతా కార్యదర్శిని నేనే. ప్రిన్సిపాల్ ముందు ఏడు కోరికలూ చదివాను. ఎనిమిదోదిగా అతని కోరిక చేర్చడానికి నాకు అడ్డం ఎవరు? చేరిస్తే అది ఎక్కడిదని అడుగుతారు, ఎవరూ చదవని కాగితాన్ని నేనొక్కణ్ణే చదివానని తేలుతుంది, అక్కణ్ణుంచి సిరా దాకా వస్తారు అని భయపడ్డాను. ఎవరూ వచ్చేవాళ్లు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలుసేమో. అతనూ నన్ను అడగలేదు కదా? ఇదిగో, సాకు.

హాజరు చాలక మునిరత్నాన్ని ఆ ఏడాది పరీక్షకు కూర్చోనివ్వలేదు. చదువు మానేసి ఊళ్లో మరమగ్గాల పనిలో చేరాడు. నేను రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇక్కడా రోజూ అమ్మోనియా వాసనే.

క్షమాపణ కోసం ఇది రాయడం లేదు. అతనికి చెప్పాలంటే నగరి బస్సు ఎక్కాలి. ఎక్కుతాను. ఏమంటాడో ఊహించను, ఊహిస్తే నాకు అనుకూలంగానే ఊహిస్తాను. అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. అతని వ్యాసంలో మొదటి వాక్యం నాకింకా నోటికి వచ్చు.

“వర్క్‌షాపులో మేం ఆకురాయి కింద పెట్టేసరికి మా ఊరి బస్సు వెళ్లిపోతుంది, పని నేర్చుకోవడం, ఇల్లు చేరడం, ఈ రెంటిలో రోజూ మాకు దక్కేది ఒక్కటే.”

ఇప్పుడు దాన్ని మీరు చదివారు.