సూరీడికి మచ్చలు వచ్చిన ఏడాది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త బి.ఎస్సీ. పట్టా, ముత్తుకూరు హైస్కూల్లో సైన్సు మాస్టరు ఉద్యోగం, ఇంకేం కావాలి? అవి యాభైల చివరి ఏళ్లు. సూర్యుడి మీద మచ్చలు బాగా పెరిగాయని ఏదో పత్రికలో చదివి, హెడ్మాస్టరు గారి బైనాక్యులర్ అడిగి తెచ్చి, అద్దెకున్న ఇంటి పెరట్లో తెల్ల కాగితం మీద సూర్యబింబం పడేలా చేశాను. ఇంటి యజమానురాలు వచ్చి చూసింది. నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఎకరం పొలం తానే చేయించుకునే మనిషి. కాగితం మీద నల్ల చుక్కలు చూసి దగ్గరికి వంగింది.

"సూరీడికి అమ్మవారు పోసిందా నాయనా?"

నేను నవ్వి (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి), మచ్చలు పెరిగితే సూర్యుడి శక్తి మారుతుందనీ, పైనున్న గాలి పొరలు వేడెక్కుతాయనీ, దాంతో వానలు తారుమారవుతాయనీ ఉపన్యాసం ఇచ్చాను. అయితే నారు ఎప్పుడు పోసుకోమంటావని అడిగింది. పత్రికలో ఆ సంగతి లేదు. అయినా ఈసారి వానలు నెల ఆలస్యమని చెప్పేశాను. ఆమె నమ్మింది. మర్నాటి నుంచి సూర్యుడికి చలవ చేయాలని పెరట్లో గిన్నెడు మజ్జిగ, వేపాకు పెట్టసాగింది; ఊరంతా నారు పోసుకుంటున్నా విత్తనాల గోతం మాత్రం విప్పలేదు.

వానలు సరిగ్గా వేళకే వచ్చాయి. అందరి నారుమళ్లూ పచ్చగా లేచాయి, ఆమెది ఒక్కటే ఉత్త బురద. రెండు రోజులు ఆమె కంటపడకుండా తిరిగి, మూడో రోజు ఉండబట్టలేక, నాకు తెలియకపోయినా చెప్పేశానని ఒప్పుకున్నాను. సూర్యుడిలో మార్పుల ప్రభావం ఏళ్ల తరబడి, కొద్దికొద్దిగా ఉంటుందే తప్ప వాటిని చూసి ఒక ఊరి వాన చెప్పలేమని కూడా అన్నాను. ఆమె తాపీగా విన్నది.

"వాన సంగతి మనం చూసుకుందాంలే. ఆయనకు నయమవతాదా, అది చెప్పు."

కొన్నేళ్లకు మచ్చలు వాటంతటవే తగ్గుతాయన్నాను. (నాకు నిజంగా తెలిసింది ఆ ఒక్కటే.) ఆమె ముఖం తేటపడింది.

పక్క పొలాలవాళ్లు మిగిలిన నారు ఇచ్చారు. పంచె ఎగ్గట్టి నేనూ నాట్లకు దిగాను. ఆడవాళ్ల వరసలు తిన్నగా సాగుతుంటే నాది ఎటో వంకర పోయింది. కూలికొచ్చిన ఒకామె పీకి సరిచేయబోతే పెద్దమ్మ అడ్డుపడింది.

"అయ్యోరు నాటింది అట్నే ఉండనీ. అదీ పండతాది."

పండింది కూడా, కాస్త ఆలస్యంగా. ఆ కుర్ర మాస్టరు గుర్తొస్తే ఇప్పుడు కోపం రాదు. ఆ బురదలోకి దిగి, వాడి పక్కన వంగి, ఇంకో నాలుగు మొక్కలు వంకరగా నాటి రావాలనిపిస్తుంది (నడుము ఒప్పుకోదనుకోండి).