రెండు జతలు తెమ్మన్న సార్

మా అమ్మాయికి రైఫిల్ పట్టడం నేర్పిన సార్ పోయారని మొన్న సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. నన్ను ఎరిగినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. పోయిన ఏడాది మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి ఫోటోకు పూలదండ వేసి పెట్టేశారు. ఆయనే ఫోన్ చేసి తిట్టాక తీసేశారు. అందుకని కబురు చెప్పినతన్ని, నీకెవరు చెప్పారు, నువ్వు కళ్లారా చూశావా అని అడిగి, అప్పటికీ తృప్తి కలక్క నేరుగా సార్ నంబరుకే ఫోన్ చేశాను. సార్ భార్య ఎత్తింది.

"అవు సేటు, పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నడు. గట్లనే ఒరిగిండు" అన్నది.

ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. 

మీలో చాలామందికి ఆయన తెలియదు. నా గురించి ముందు రెండు మాటలు చెప్తేగాని ఆయన అర్థం కారు. నాది ఆర్మూరులో పసుపు ఖరీదు వ్యాపారం, రైతుల దగ్గర కొంటాను. రైతు కుప్ప పోస్తే పైన మెరిసే కొమ్ముల్ని మేం చూడనైనా చూడం. మోచేతి దాకా చెయ్యి కుప్పలోకి దూర్చి, అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, పుటుక్కున విరిచి, లోపలి రంగు చూస్తాం. ఎవరైనా "ఈ బస్తా కుట్టేసినం సేటు, అది చూడుండ్రి" అంటే ముందు ఆ కుట్టిన బస్తానే విప్పిస్తాం. విరిచిన కొమ్ము మళ్లీ కుప్పలోకి పోదు. అయినా ఏ రైతూ ఇదేమిటని అడగడు. విరవందే నమ్మకం లేదని ఇక్కడ అందరికీ తెలుసు. ఇన్నేళ్లు ఇలా బతికాక ఇంట్లో పాలగిన్నె మీద మూత తీసినా అనుమానంగానే తీస్తాను.

సార్ భీమ్‌గల్ వైపు మనిషి. మిలిటరీలో పనిచేసి వచ్చి, పెర్కిట్ పోయే దారిలో ఖాళీగా పడి ఉన్న ఒక పసుపు గోదాము కిరాయికి తీసుకుని, పది మీటర్లు కొలిచి గీత గీసి, నాలుగు గాలి తుపాకులతో రేంజ్ తెరిచారు. గోడలకు ఎన్నిసార్లు సున్నం వేసినా పసుపు వాసన పోలేదు. మోర్తాడ్ నుంచి, కమ్మర్‌పల్లి నుంచి పిల్లలు బస్సెక్కి వచ్చేవారు. ఆదివారాలు సరదాకు కొందరు పెద్దవాళ్లూ వచ్చేవారు. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. స్కూల్లో ఎవరో చెప్తే విని, నేర్చుకుంటానని పట్టుపట్టింది. నేను ముందు ఒక్కణ్ణే పోయి చూసి వచ్చాను. రెండోసారి చెప్పకుండా పోయి చూశాను. అప్పుడుగానీ పంపలేదు.

నా అనుమానం ఆయన అనుమానం ముందు ఏపాటిది! తుపాకీ ఖాళీ అని నలుగురు చెప్పినా ఆయన వినేవారు కాదు. "ఖాళీ అని ఎవడు చెప్పినా ఖాళీ గాదు. నేను చూసినంకనే ఖాళీ" అనేవారు. చూసి కింద పెట్టి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ చూసేవారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, ఆ గోదాములో మా ఇద్దరి సంగతి అంతే.

మొదటి రోజు గోడవారగా కూర్చుని జేబులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకున్నాను. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే మేం చేసేది అదే. రేకుల కప్పు కింద నాలుగు తుపాకులు ఒకేసారి పేలితే ఆ మాత్రం జాగ్రత్త ఉండాలని నా ఉద్దేశం. సార్ వచ్చి నిలబడ్డారు. "దూది పెట్టుకుంటే చెవి మూసినట్టు మనసుకు అనిపిస్తది సేటు. చెవికి గా సంగతి తెల్వదు" అన్నారు. మెత్తటి ప్లగ్గు ఒకటి తీసి, వేళ్ల మధ్య వత్తిలా సన్నగా నలిపి, నా రెండో చేతిని తల మీదుగా తిప్పించి చెవి కొసను పైకి లాగించి, అప్పుడు దాన్ని లోపలికి జరిపారు. అది ఉబ్బి కుదురుకునేదాకా వేలు తియ్యనివ్వలేదు. అసలు తూటాలు పేల్చే హైదరాబాదు రేంజికి పోతే మాత్రం ఈ ప్లగ్గు, దాని మీద చెవిని మొత్తం మూసే డొప్పల మఫ్లు, రెండూ ఉండాల్సిందేనన్నారు.

మఫ్లు ఎంచడం ఇంకో తతంగం. మమ్మల్ని వీపు తిప్పి కూర్చోబెట్టి, వెనక నుంచి తాళాల గుత్తి ఆడించేవారు. నేను బాగా కనిపించిన ఎర్రటి జత పట్టుకున్నాను. ఆయన దాన్ని అమ్మాయికి పెట్టి, మెత్త అంచు చుట్టూ వేలు పోనిచ్చి, కళ్లద్దాల కాడ దగ్గర ఆగారు. "కాడ లావుంటే గీడ సందు పడ్తది. సందుల నుంచి పిల్లే వస్తది, చప్పుడు రాదా?" అన్నారు. అమ్మాయి తుపాకీ మడమకు చెంప ఆనించి చూస్తే దాని లావాటి డొప్ప అడ్డం తగిలి పక్కకు జరిగింది కూడా. అమ్మాయి చెవి కమ్మలు తీయించి, జడ వెనక్కి వేయించి, చివరికి ఉన్నవాటిలో అన్నిటికన్నా నాసిగా కనిపించే ఒక పలచటి నల్ల జత ఇచ్చారు. మనిషి మంచివాడేమో అని నాకు అప్పుడే తోచాల్సింది. తోచలేదు. చిన్నదాంట్లో నమ్మించి పెద్దదాంట్లో ముంచే బేరగాళ్లను రోజూ చూస్తాను మరి.

ఆ రోజే ఆయన నన్ను బయటికి పిలిచి, తాళాల చప్పుడు నా ఎడమ చెవికి ఆనట్లేదని, ఒకసారి దవాఖానలో చూపించుకోమని మెల్లగా చెప్పారు. ఏ చెవి డాక్టరుతో ఈయనకు దోస్తీ ఉందో అనుకున్నాను. ఆ తర్వాత నాతో ఎప్పుడు మాట్లాడినా చుట్టూ తిరిగి నా కుడివైపుకే వచ్చి నిలబడేవారు. అదీ ఏదో ఎత్తే అనుకున్నాను. ఎందుకలా వచ్చేవారో ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.

ఇక అద్దాల సంగతి. రేంజ్‌లో కళ్లద్దాలు లేనిదే ఎవరూ గీత దగ్గరికి పోకూడదు. ఆయన కూడా. పక్కల నుంచి కన్ను పూర్తిగా మూసుకుపోవాలి, కనుబొమ్మ దగ్గర వేలు దూరకూడదు, గాజు అసలే పనికిరాదు, చలువ అద్దాలు చూపుకు చలువే గాని దెబ్బకు కాదు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఆయన దగ్గర ఒక్కటే విడ్డూరం. కొత్తగా ఎవరు చేరినా ఒకే రకం అద్దాలు రెండు జతలు తెమ్మనేవారు. అందర్నీ వెనక్కి నిలబెట్టి, ఒక జతను చెక్కదిమ్మ మీద పెట్టి, పది మీటర్ల నుంచి తానే కాల్చేవారు. నిలిస్తే రెండో జత పెట్టుకోవచ్చు. కాల్చిన జత ఇక ఎవరి మొహానికీ ఎక్కకూడదు. దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించేవారు. అట్లా గోడ నిండా ఒక వరుస ఉండేది. అద్దం మీద గట్టిదని ముద్ర ఉంది కదా సార్ అని ఎవరో అంటే, "ముద్ర ఉండాలె. గాని ముద్ర గుద్దుడు ఎవనికి రాదు?" అన్నారు. అంతటితో ఆగక, "పసుపు పోతే మళ్ల తొమ్మిది నెలలకు వస్తది. కన్ను పోతే ఏ కార్తెకూ రాదు" అన్నారు.

ఒకటి చాలినచోట రెండు కొనిపిస్తున్నాడంటే నిజామాబాదులో ఆ అద్దాల దుకాణంవాడితో ఈయనకు ఏదో ఉండే ఉంటుందని నేను తేల్చేశాను. కుప్పకొక కొమ్ము విరిచే నేను, ఆయన చేస్తున్నదీ అదేనని గుర్తుపట్టలేకపోయాను చూడండి. పైగా ఆయన్ని గెలవాలనిపించింది. సార్ వాడే రకమే ఒక జత ఆ దుకాణంలో కొన్నాను. అచ్చు అలాగే ఉన్న ఇంకో జత బస్టాండు ముందు బండి మీద కొన్నాను. రెండింటికీ తేడా ధరలోనే అని నా లెక్క, కాల్చమని ఇస్తే బండి సరుకని ఏదో వంక పెడతారని అనుమానం. బండి మీది దాని కాడ కొస మీద అమ్మాయి పేరు నా చేత్తో మార్కరుతో రాసి, ఇది బిడ్డ మొహానికి సరిచేయించేశాం సార్, రెండోది కాల్చండి అని మంచి జత ఇచ్చాను.

"అప్పుడే పేరు రాసిన్రా?" అన్నారు.

నా వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత మంచి జతను దిమ్మ మీద పెట్టి కాల్చారు. అద్దం సొట్టపడింది గాని నిలిచింది. నేను గెలిచాననుకుంటూ ఇంటికి వచ్చాను. కుట్టిన బస్తా వదిలేయమన్న రైతును నేనెప్పుడైనా వదిలానా? ఆ ఆలోచన నాకు రాలేదు.

ఆ వారం నుంచి అమ్మాయి అద్దాలకు వెనక కాడల కొసలు కప్పేస్తూ ఒక నల్లటి ఎలాస్టిక్ పట్టీ వచ్చింది. వదులుగా ఉన్నాయని సార్ కట్టారంది. ఇంకా ఏమేం అంటగడతాడో అని చూశాను. ఆ వారం నుంచే సార్ కాల్చడం మానేశారు. అంతకు ముందు ప్రతి ఆదివారం పిల్లలకు పది గుండ్లు కాల్చి చూపేవారు. ఆ తర్వాత నెలల తరబడి గీత దగ్గరికే రాలేదు. వెనక కిటికీ పలక అవతల నిలబడి చెప్పేవారు. అడిగితే భుజం నొప్పి అన్నారు. చూపు పోయుంటుంది, దాస్తున్నాడు అనుకున్నాను. మార్కెట్లో ఇద్దరు ముగ్గురితో ఆ మాట అన్నాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

ఆ ఏడాది వానాకాలంలో ఒకరోజు పక్క వరుసలో ఒక బ్యాంకు ఉద్యోగి కాల్చిన గుండు లక్ష్యం పెట్టే ఇనుప చట్రం అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. మా అమ్మాయి కుడి కంటి అద్దం మీద టక్కుమని కొట్టింది. అమ్మాయి ఉలిక్కిపడి కూర్చుంది. పరుగున పోయి చూశాను. అద్దం మీద జొన్నగింజంత తెల్లటి మచ్చ, అంతే. కన్ను చెక్కుచెదరలేదు. తేరుకున్నాక నాకు కలిగిందేమిటో తెలుసా? గర్వం. బండి మీది అద్దాలే ఆగాయి, మరి ఇన్నాళ్లూ ఆ దుకాణం పేరు చెప్పి ఎంతమందిని ముంచాడు ఈయన అని. ఆ మాట అనలేక, "చూసిన్రా సార్, నేను తెచ్చిన అద్దాలు ఎట్ల ఆగినయో" అన్నాను.

ఆయన కుడివైపుకు వచ్చి నిలబడ్డారు. "అవు సేటు. బిడ్డ కండ్లు మంచిగున్నయ్. గంతే చాలు" అన్నారు. మర్నాడే ఆ ఇనుప చట్రాలన్నీ పీకించి చెక్కవి పెట్టించారు. కొన్నాళ్లకు మళ్లీ కొత్త అద్దాలతో గీత దగ్గరికి వచ్చి పది గుండ్లూ నల్లచుక్కలోనే కాల్చారు. భుజం నయమైందా అని నేను అడగలేదు.

భీమ్‌గల్‌లో సార్ ఇంటి ముందు, ఇంటివాళ్లను ఓదార్చడానికి వాళ్ల చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూటం జరిగింది. పాటలు, ప్రార్థన అయ్యాక సార్ భార్య ఒక బిస్కట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "బీరువా సదురుతుంటే దొరికింది. మీ బిడ్డ పేరున్నది దీని మీద. మీదే గావచ్చు" అన్నది. ఆమెకేమీ తెలియదు. లోపల బండి మీది అద్దాల జత. కాడ కొస మీద నా చేతిరాత. కుడి అద్దంలో వేలు పట్టేంత బొక్క, దాని చుట్టూ పగుళ్లు, డబ్బా అడుగున రాలిన పెంకులు.

అమ్మాయి నా పక్కనే ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను అడగకముందే చెప్పింది. ఆ రోజు నేను బయట బండి తీస్తుండగా సార్ తనను వెనక్కి నిలబెట్టి ఆ జతను కాల్చి చూపారట. ఆయన సొంత జత తీసి, పట్టీ బిగించి, అమ్మాయి మొహానికి పెట్టారట. చేతికి డబ్బొచ్చి ఇంకో జత కొనుక్కునేదాకా గీత దగ్గరికి రానని అదే రోజు అన్నారట.

"నాకు మస్తు కోపమొచ్చింది డాడీ నీ మీద. సార్ ఊకోమన్నడు. మీ బాపు మోసం చేసింది నన్ను, నిన్ను గాదు బిడ్డా, నువ్వు మనసుల పెట్టుకోకు అన్నడు. నీకు చెప్పద్దని ఒట్టేయించుకున్నడు."

నాలుగేళ్లు నా బిడ్డ ఆ ఒట్టు నిలుపుకుంది. నాలుగేళ్లు నేను ఆమె ముందు మీసం తిప్పుకుని తిరిగాను. ప్రతి కుప్పనూ అడుగుదాకా విరిచి చూసిన నేను ఒక్క మనిషిని విరవకుండా నమ్మలేకపోయాను. ఆయన నన్ను విరిచి లోపల ఏముందో చూశారు. చూసి, నా బిడ్డకు కనబడకుండా బీరువాలో దాచారు.

రేంజ్ ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలే నడుపుతున్నారు. నిన్న పోయి గోడ మీది వరుస చివర ఒక మేకు కొట్టి, ఆ జతను తగిలించాను. అదొక్కటే ఎందుకు పగిలింది, ఎవరు తెచ్చారు అని కొత్తవాళ్లు అడుగుతున్నారు. నేనే తెచ్చానని చెప్తున్నాను. గీత దగ్గర మా అమ్మాయి సార్ అద్దాల పట్టీ సరిచేసుకుని చెంప ఆనించింది. కుడి కంటి మీది జొన్నగింజంత మచ్చ వెలుతురు పడి మెరిసింది. నా పక్కన గోడ మీద, పగిలిన అద్దం బొక్కలోంచి పసుపు పట్టిన పాత సున్నం కనబడుతోంది.